రెండు పొట్టి, ఒక పొడుగు

డిపోలో హారన్‌గారంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా చలామణిలో లేదు. బస్సు మలుపు తిరక్కముందే స్టాపులో జనం సంచులు చేతిలోకి తీసుకునేవారు, ఆ హారన్ అలాంటిది. రెండు పొట్టి, ఒక పొడుగు. అది ఆయన సొంత బాణీ. రోడ్డు పక్కన ఏ బండి ఆగి ఉన్నా, ఎవరు వంగి పని చేసుకుంటున్నా, దూరం నుంచే ఆ బాణీ అందుకుని, వేగం మాత్రం పిసరంత కూడా తగ్గించకుండా దూసుకుపోయేవారు.

"వస్తున్నామని చెప్పడం మన మర్యాదరా, తప్పుకోవడం వాళ్ళ తెలివి" అని తన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళందరికీ నూరిపోశారు. వాళ్ళూ శ్రద్ధగా నేర్చుకున్నారు. అదే వచ్చిన చిక్కు.

రిటైరయ్యాక ఆయనకి పొద్దు గడవడం కష్టమైపోయింది. వంటగదిలో నిలబడితే భార్య చేతికి అడ్డం, వరండాలో కూర్చుంటే చీపురుకి అడ్డం. "మిమ్మల్ని ఎక్కడ పార్క్ చేయాలో నాకు తెలియట్లేదండీ" అని ఆవిడ రోజూ విసుక్కునేది. అలాంటి సమయంలో డిపో నుంచి కబురొచ్చింది. కొత్త డ్రైవర్లకి నేర్పడానికి ఒక మనిషి కావాలట. శుక్రవారం మేనేజర్ పక్కన కూర్చుని ఆయన నడపడం చూస్తాడట, నచ్చితే ఉద్యోగం ఖాయమట. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయన కాలు ఒకచోట నిలవలేదు. మళ్ళీ యూనిఫాం వేసుకోవచ్చు. పొద్దున్నే లేచి ఫలానా చోటికి వెళ్ళాల్సిన మనిషి కావచ్చు. బీరువాలోంచి పాత చొక్కా తీసి, పొట్ట బిగబట్టి, గుండీలు పెట్టి చూసుకున్నారు. చివరి గుండీ ఎదురు తిరిగింది.

ఇంట్లో స్టీరింగ్ సంగతులు మాట్లాడుకోవడానికి ఆయనకి కోడలు ఒక్కతే దొరికింది. కొడుక్కి సైకిలే అంతంతమాత్రం. కోడలిది మాత్రం బండి ఉద్యోగం. ఊరి బయట పెద్ద రోడ్డు మీద చెడిపోయి ఆగిన వాహనాల దగ్గరకి పసుపు రంగు వ్యాన్ వేసుకుని వెళ్ళి బాగుచేస్తుంది. భోజనాల దగ్గర మావా కోడళ్ళకి రోజూ ఒకటే గొడవ.

"ఈ హారన్లతో చస్తున్నాం మావయ్యా."

"హారన్ కొట్టబట్టేనమ్మా మీరు బతికి ఉన్నది!"

అత్తగారు ఇద్దరి కంచాల్లోనూ కూర వడ్డించి ఊరుకునేది.

శుక్రవారం ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ చుట్టాలింటి నుంచి వస్తూ ఉంటే, పెద్ద రోడ్డు మీద కారు టైరు పంక్చరైంది. నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. హారన్‌గారు కాసేపు కుస్తీపట్టి, నడుం పట్టుకుని, ఇక తప్పదని కోడలికి ఫోన్ చేశారు.

ఆమె వ్యాన్‌ని కారుకి బాగా వెనకగా ఆపి, దాని నెత్తిన లైట్లు తిరగనిచ్చి, రోడ్డు మీద నారింజ రంగు శంకువులు పేర్చింది. ఆ తర్వాత మొదటి మాట, "మీరిద్దరూ రెయిలింగ్ అవతలికి వెళ్ళండి."

"ఎండగా ఉందే, కార్లోనే కూర్చుంటాం" అంది అత్తగారు.

"కూడదత్తయ్యా. ఎండకి మాడితే మందుంది, బండి గుద్దితే లేదు."

హారన్‌గారు సణుక్కుంటూనే రెయిలింగ్ దాటారు. రోడ్డుని ఆయన ఎప్పుడూ ఎత్తైన సీటులోంచే చూశారు. అక్కడినుంచి అది తన సొత్తులా కనిపించేది. ఇప్పుడు కింద నిలబడి చూస్తే వేరే సంగతి. లారీ వెళ్ళిన ప్రతిసారీ గాలి ఈడ్చి కొడుతోంది. భార్య చేతిలో గొడుగు తిరగబడింది. కోడలేమో రోడ్డు వైపు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది, వచ్చే బళ్ళకి వీపు పెట్టి.

అప్పుడు వినిపించింది. రెండు పొట్టి, ఒక పొడుగు.

కోడలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. స్పానర్ జారి వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. తిరిగిన ఊపులో కాలు తెల్లగీత దాటింది. బస్సు ఆమెని రాసుకున్నంత పని చేస్తూ వెళ్ళింది, టోపీ ఎగిరి అంత దూరాన పడింది. అంత వేగంలోనూ డ్రైవర్ రెయిలింగ్ పక్కన గురువుగారిని గుర్తుపట్టి, నవ్వుతూ చెయ్యూపాడు.

హారన్‌గారు రెయిలింగ్ పట్టుకుని కోడలి వైపే చూస్తున్నారు. ఊపడానికి చెయ్యి లేవలేదు.

"మీ శిష్యుడేనా?" అంది భార్య.

కోడలు నెత్తురు గుడ్డతో తుడుచుకుని టోపీ దులిపి పెట్టుకుంది. గొడవ పెట్టుకోలేదు. అదే ఆయనకి ఇంకా కష్టమనిపించింది.

"చూశారుగా మావయ్యా. వెనక నుంచి హారన్ మోగితే ఎవరైనా ఏం చేస్తారు? తిరిగి చూస్తారు. తిరిగితే ఒళ్ళు రోడ్డు మీదికి వస్తుంది."

"మరి ఏం చెయ్యాలమ్మా?" అన్నారు ఆయన. బండి నడపడం గురించి ఇంట్లోవాళ్ళని ఆయన ప్రశ్న అడగడం అదే మొదలు.

"పెద్ద పనేం కాదు. దూరంగా ఉండగానే పక్క వరుసలోకి జరగాలి. కుదరకపోతే నడిచినంత నెమ్మదిగా పోవాలి. మేం ఉన్నామని డ్రైవర్లకి తెలిస్తే చాలు. వాళ్ళు వచ్చారని మాకు తెలియక్కర్లేదు."

ఆ పూట ఆయనకి అన్నం సహించలేదు. తారు పోసేవాళ్ళు, చెత్తబండి వాళ్ళు, ఆంబులెన్సు తలుపు తీస్తున్నవాళ్ళు... ఎంతమంది తల తిప్పి తన వైపు చూశారో! ఇన్నాళ్ళూ అది తనకి దక్కిన గౌరవమనుకున్నారు. పాపం, వాళ్ళు భయపడ్డారు. అది తలుచుకుంటే సిగ్గుతో ఆయనకి తల ఎత్తబుద్ధి కాలేదు.

శుక్రవారం రానే వచ్చింది. పక్కన మేనేజర్, వెనక సీట్లలో కొత్త డ్రైవర్లు. గుండీ సంగతి ఎవరికీ కనబడకుండా హారన్‌గారు స్టీరింగ్‌కి దగ్గరగా జరిగి కూర్చున్నారు. మేనేజర్‌కి ప్రాణమంతా గడియారంలో ఉంటుంది. ఆలస్యమన్న మాట వింటే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు.

బస్సు పెద్ద రోడ్డెక్కి వంతెన దిగుతుండగా దూరాన పసుపు వ్యాన్, తిరిగే లైట్లు కనిపించాయి. దాని ముందు ఒక ఆకుపచ్చ కారు. చక్రం దగ్గర మోకాళ్ళ మీద, ఆ టోపీతో, కోడలే.

ఆయన చెయ్యి దానంతటదే హారన్ మీదికి పోయింది. యూనిఫాంలో, మళ్ళీ డ్రైవర్ సీట్లో ఉన్న తనని ఆ పిల్ల చూస్తే ఎంత బావుంటుంది! ఒక్కసారి తల తిప్పితే చాలు.

ఒక్కసారి తల తిప్పితే చాలు. అదే మాట రెండోసారి అనుకునేసరికి ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది.

కుడివైపు చూసుకున్నారు. లారీల వరుస, జరగడానికి సందు లేదు. బ్రేకు మీద మెల్లగా కాలు వేసి, బస్సుని నడిచే మనిషి వేగానికి తెచ్చారు.

"ఏంటండీ ఇది? హారన్ కొట్టండి, సర్దుకుంటారు!" అన్నాడు మేనేజర్.

"సర్దుకోవాల్సింది మనం సార్."

"మీరేనా ఈ మాట అంటున్నది? టైము చూశారా?"

చూశారు. ఉద్యోగం చేజారుతోందని కూడా తెలిసింది. వెనక బళ్ళు బారులు తీరాయి. ఆయన ఉలకలేదు. చివరి లారీ దాటాక సైగ లైటు వేసి, బస్సుని పూర్తిగా పక్క వరుసలోకి తెచ్చి, వ్యాన్‌కీ కారుకీ బోలెడంత చోటు వదిలి, చడీచప్పుడు లేకుండా ముందుకి పోయారు.

కొత్త డ్రైవర్లలో ఒకడు వెనక నుంచి, "హారన్‌గారు హారన్ కొట్టలేదేంటి?" అని గుసగుసలాడాడు. అద్దంలో వాడి ముఖం చూస్తూ ఆయన, కోడలు తనకి చెప్పినదంతా వాళ్ళకి చెప్పారు. ఆ మాటలు ఎవరివో కూడా చెప్పారు.

డిపోలో బస్సు ఆగాక మేనేజర్ గడియారం చూసుకున్నాడు.

"ఆలస్యమైంది."

"అయింది సార్."

మేనేజర్ మెట్టు దిగబోయి వెనక్కి తిరిగాడు. "మా తమ్ముడు కరెంటు లైన్లు బాగుచేస్తాడు. రోడ్డు పక్కనే పని" అన్నాడు. "సోమవారం నుంచి రండి. ఇవాళ చెప్పిన ఆ ముక్క మొదటి రోజే చెప్పండి."

హారన్‌గారు ఇంటికొచ్చి భార్యకి సంగతి చెప్పారు. ఆవిడ "అమ్మయ్య, పార్కింగ్ దొరికింది" అని నవ్వింది. కోడలు వచ్చేదాకా ఆయన గుమ్మంలోంచి కదల్లేదు. ఆమె సింకు దగ్గర గ్రీజు చేతులు కడుక్కుంటుంటే వెనకే వెళ్ళి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఇవాళ వంతెన దిగగానే ఆకుపచ్చ కారుకి చక్రం మార్చావు కదూ?"

"అవును. మీకెలా తెలుసు?"

"అప్పుడు నీ పక్కనుంచి మా డిపో బస్సు వెళ్ళింది. చూశావా?"

ఆమె సబ్బు చేతులతోనే ఆగి గుర్తు చేసుకుంది. "బస్సా? అక్కడికి బస్సేదీ రాలేదే మావయ్యా."

"అంత పెద్ద బస్సమ్మా! రాలేదంటావా?"

"వస్తే నాకు తెలియదా? ఇవాళ ఎవరూ హారన్ కొట్టలేదు కూడా. హాయిగా పని చేసుకున్నా."

ఉద్యోగం వచ్చిందన్నప్పుడు కూడా ఆయన ముఖం అంతలా వెలగలేదు. కళ్ళు తుడుచుకుంటూ, వీధి చివరికి వినబడే గొంతుతో భార్యని కేకేశారు.

"ఏమే, విన్నావా? మన కోడలు నన్ను చూడనే లేదట!"