గంతేసిన నారుకట్ట

శనివారం లోపల చేయాల్సినవి: నారుకట్ట విసిరే దృశ్యం మొత్తం మళ్లీ గీయడం. విసిరే మనిషికి నడుం ఎక్కడుందో తేల్చుకోవడం. కట్ట గాల్లో అట్టముక్కలా ఎందుకు కనిపిస్తోందో కనుక్కోవడం. గాజు బల్ల కింద మాడిపోయిన బల్బు మార్చడం. అమ్మకు ఉత్తరం రాయడం.

బుధవారం సాయంత్రానికి బల్బు ఒక్కటే మార్చగలిగాను.

ఇది 1974 జూలై. మా ఇంట్లో బి.ఎ. దాకా చదివింది నేనొక్కణ్ణే. పటమటలో గోపాలకృష్ణగారు సినిమా హాళ్లలో వేసే ప్రకటనలు తయారుచేస్తారు. నా బొమ్మలు చూసి, మూడు నెలలు చూద్దామని చేర్చుకున్నారు. వరి విత్తనాల ప్రకటనకు కదిలే బొమ్మలు కావాలి. సెకనుకు పన్నెండు. కాగితం మీద కాగితం పెట్టి, కింద నుంచి వచ్చే వెలుగులో ఒక్కోదాన్ని కాస్త మార్చి గీయాలి. దొంతర పట్టుకుని బొటనవేలితో గబగబా వదిలితే మనిషి కదలాలి.

నా మనిషి కదిలాడు గాని, ప్రాణమున్నట్టు లేడు.

“ఏమయ్యా అంతోనీ, వీడు నారుకట్ట విసురుతున్నాడా, రైలుకి జెండా ఊపుతున్నాడా?” అన్నారు గోపాలకృష్ణగారు. “శనివారానికి కుదరకపోతే పని మద్రాసు పోతుంది. నువ్వు చల్లపల్లి పోతావు.”

ఆయనిచ్చిన ఇంగ్లీషు పుస్తకం రెండుసార్లు చదివాను. అందులో ఒక రబ్బరు బంతి ఉంది. కింద పడగానే నొక్కుకుపోయి, సాగి, మళ్లీ పైకి లేస్తుంది. నారుకట్టనూ అలాగే గీశాను.

ఉత్తరం రాసే బదులు గురువారం పొద్దున్నే చల్లపల్లి బస్సెక్కాను. మా అమ్మ శౌరమ్మ నాట్లలో ఉంది. ఆమెకు చదువు రాదు. గట్టుకు వచ్చి, చేతులు చీరకు తుడుచుకుంది. కాగితాలు వదిలి చూపించాను.

“అదేంట్రా, కట్ట గంతేసింది?”

“పుస్తకంలో అలాగే ఉందమ్మా.”

“ఆ పుస్తకం రాసినోడు చేలో నీళ్లు పెట్టలేదేమో!”

పక్కన నాటుతున్న మాణిక్యమ్మత్త నడుం ఎత్తి మరీ నవ్వింది. “బియ్యే చదివినోడి నారు వదినా, ఎగిరెగిరి పండుద్ది!”

అమ్మ ఒక కట్ట అందుకుని విసిరింది. నాకు అర్థం కాలేదని మొహం చూసే కనిపెట్టింది.

“గట్టు మీద కూర్చుంటే రాదు. దిగు.”

ప్యాంటు మడిచి దిగాను. నేను విసిరిన కట్ట నా కాళ్ల దగ్గరే పడింది.

“చేత్తో కాదురా, నడుంతో. ముందు వెనక్కి వంగు.”

మూడోది వెళ్లింది. చెయ్యి కంటే ముందు నడుం, నడుం కంటే ముందు కాలి మడమ కదిలాయి. నా బొమ్మలో చెయ్యి ఒక్కటే కదిలింది.

తర్వాత అమ్మ విసురుతూ ఉంటే చూస్తూ గీసుకున్నాను. నారుకున్న తడి వేళ్లు బరువు కాబట్టి అవి ముందు పోతాయి, ఆకులు వెనక ఊగుతూ వస్తాయి. కట్ట పైన కాస్త నిదానిస్తుంది, కిందికి జోరుగా వస్తుంది. బురదలో పడ్డాక లేవనే లేవదు. వేళ్లు ఆగిపోయిన తర్వాత ఆకులు తీరిగ్గా వాలతాయి.

శుక్రవారమంతా గీశాను. వెనక్కి వంగడానికే నాలుగు బొమ్మలు. కట్ట పైన ఉన్నప్పుడు దగ్గర దగ్గరగా, దిగేటప్పుడు దూరం దూరంగా. ఆకులు వాలడానికి ఆరు.

శనివారం గోపాలకృష్ణగారు దొంతర వదిలారు. వదులుతూనే వెనక్కి జరిగి పంచె దులుపుకున్నారు.

“బురద చిందిందనుకున్నానయ్యా! ఏ పుస్తకంలో దొరికింది?”

“మా అమ్మ నేర్పిందండీ.”

ఆయన మళ్లీ వదిలి చూశారు. “వరసగా నాట్లేసే దృశ్యం కూడా నువ్వే గియ్యి. ఆవిణ్ణి అడిగి గియ్యి. మద్రాసుకు నేను రాసేస్తాలే, అక్కర్లేదని.”

ప్రకటనల్లో గీసినవాడి పేరే ఉండదు, నేర్పినవాళ్ల పేరెక్కడుంటుంది? ఇంటర్వెల్లో సోడా తాగి మీరు సీట్లోకి వచ్చేసరికి తెర మీద ఒక మనిషి వెనక్కి వంగి నారుకట్ట విసురుతుంటాడు. అది గంతెయ్యదు. పడిన చోటే కుదురుకుంటుంది, ఆకులు కాస్త ఆలస్యంగా వాలతాయి. ఆ వాలే ఆకుల్ని చూసినప్పుడు మా అమ్మ శౌరమ్మను ఒక్కసారి తలుచుకోండి.