కాల్ తెరిచిన గురువారం

"ఇండియాకు మూడు వందల నిమిషాలు. నెలంతా మాట్లాడుకో సదీక్" అన్నాడు కౌంటర్ వెనక కుర్రవాడు. వచ్చినవాళ్ళందరూ అతనికి సదీక్, అంటే స్నేహితుడే.

భూమేష్ రెండు చెవులూ రెండు చేతులతో మూసుకుని తల అడ్డంగా ఊపాడు. "నా భార్యకు వినపడదు" అని ముందు హిందీలో చెప్పాడు. కుర్రవాడి ముఖంలో కదలిక లేకపోయేసరికి, పదకొండేళ్ళలో తనకు అబ్బిన అరబ్బీలో కూడా చెప్పాడు.

కుర్రవాడు ఆలోచించాడు. "అయితే ఐదు వందల నిమిషాలు తీసుకో."

భూమేష్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. సౌదీలో యాన్బు ఊళ్ళోని ఇదే దుకాణంలో పోయినేడు దాకా ఒక మలబారీ ఉండేవాడు. కష్టం చెబితే ఫోను తీసుకుని, అటూ ఇటూ చూసి, దొంగదారిన కాల్ వెళ్ళే యాప్ ఏదో పెట్టి ఇచ్చేవాడు. ఫోన్ల దుకాణాల్లో సౌదీలే ఉండాలని రూలొచ్చాక అతను వెళ్ళిపోయాడు. ఈ కుర్రవాడు చెడ్డవాడు కాదు. నాలుగు ప్యాకేజీలు నేర్పించారు, వచ్చినవాళ్ళకు ఆ నాలుగే చెబుతున్నాడు.

"నాకు నిమిషాలు వద్దు. నెట్ ఉంది, డబ్బు కట్టాను. అందులో సినిమా వస్తుంది, క్రికెట్ వస్తుంది. వీడియో కాల్ ఎందుకు రాదు?"

"కాల్ మమ్నూ" అన్నాడు కుర్రవాడు. నిషేధం.

"ఎవరు నిషేధించారు? మీ కంపెనీయా, సర్కారా?"

కుర్రవాడు వేలితో పైకి చూపించాడు. భూమేష్ పైకి చూశాడు. పైన ఏసీ లోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. కింద ఎవరో ప్లాస్టిక్ బకెట్ పెట్టారు.

ఏసీ మెకానిక్ అయినవాడు అలాంటిది చూసి ఊరుకోలేడు. చెప్పులు విప్పి స్టూలెక్కి, మూసుకుపోయిన డ్రెయిన్ పైపును నోటితో గట్టిగా ఊదాడు. ముద్దకట్టిన దుమ్ము బయటపడింది, బొట్లు ఆగాయి. కుర్రవాడు లేచి నిలబడి చల్లటి నీళ్ళ సీసా తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. "కాల్స్ తెరుస్తారని అంటున్నారు. ఎప్పుడో తెలియదు. కొంచెం ఆగు" అన్నాడు మెల్లగా. ఆగడానికి భూమేష్ చేతిలో ఉన్నవి ఐదు రోజులు.

ఆ రోజు శనివారం. గురువారం మధ్యాహ్నం లోపల అతను ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అతను పనిచేసే మెయింటెనెన్స్ కంపెనీ, సౌదీల సంఖ్య చాలక, సర్కారు నితాఖత్ లెక్కలో రెడ్‌లో పడింది. పైన విదేశీ మనిషికింతని లెవీ. ఇకామాలు, అంటే అక్కడ ఉండేందుకు పర్మిట్లు, రెన్యువల్ కావు. కంపెనీ అందరి ముందూ రెండే దారులు పెట్టింది. జుబైల్‌లో ఇంకో కంపెనీకి మారడం ఒకటి. అక్కడ రెండేళ్ళు కదలకుండా ఉండాలి, మధ్యలో సెలవు లేదు. రెండోది ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవడం.

పోవాలో ఉండాలో భూమేష్ ఒక్కడూ తేల్చుకోలేడు. మాటిచ్చాడు.

శ్రీలతకు పుట్టు చెముడు. చదవడం రాదు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇద్దరూ కలిసి తమకంటూ ఒక చేతుల భాష కట్టుకున్నారు. వేళ్ళు కిందికి రాలిస్తే వాన, వాన అంటే ఏడాది. బొటనవేలు అరచేతిలో నొక్కితే సంతకం. అరచెయ్యి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి పోతే పొద్దు పొడిచి గుంకినట్టు, అంటే రోజు. కోపమొస్తే శ్రీలత కళ్ళు మూసుకుంటుంది. వినేవాళ్ళు చెవులు మూసుకున్నట్టన్నమాట. ఇక ఎదుటివాడు ఎన్ని చేతులు ఊపినా లాభం లేదు.

మూడేళ్ళ కింద ఆమెను అడక్కుండా కాంట్రాక్టు పొడిగించుకున్నాడు. ఆ తర్వాత సెలవుకు వెళ్తే శ్రీలత మంచినీళ్ళు ఇచ్చింది, అన్నం పెట్టింది. అతను చేతులెత్తిన ప్రతిసారీ కళ్ళు మూసుకుంది. రెండు రోజులు. మూడో రోజు పొద్దున ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె బొటనవేలు తన అరచేతిలో పెట్టుకుని, నిన్ను అడక్కుండా సంతకం పెట్టనని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు అడగాలి. ఎలా అడగాలి?

ఫోనులో మాట పనికిరాదు. పక్కింట్లో ఉండే తన అక్క దేవవ్వతో అడిగించాడు. అరగంటకే జవాబొచ్చింది. "ఏమున్నదిరా తమ్మీ, సరే అన్నది. ఉండుమన్నది." దేవవ్వ ఏది అనుకుంటే శ్రీలత ఎప్పుడూ అదే అంటుంది. దేవవ్వ లెక్క ప్రకారం పన్నెండేళ్ళుగా శ్రీలత ఆమెతో ఒక్క విషయంలోనూ విభేదించలేదు.

వీడియో తీసి పంపాడు. దానికేమీ నిషేధం లేదు, పోతుంది. రెండు వానలు, కొత్త కంపెనీ, ఉండాలా రావాలా అని చేతులతో అడిగి పంపాడు. దేవవ్వ ఫోను నుంచి పన్నెండు సెకన్ల వీడియో వచ్చింది. శ్రీలత కెమెరా ఎదుట నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకుంది. అంతే.

దాన్ని పదిసార్లు చూశాడు. ఉండొద్దనా? ఏమైనా చేసుకోమనా? పదకొండోసారి చూస్తున్నప్పుడు తట్టింది. తను పంపింది గోడకు అంటించిన నోటీసు లాంటిది. మధ్యలో ఆపి అడగడానికి లేదు, ఎదురు చెప్పడానికి లేదు. అడుగుతానని కదా ఒప్పుకున్నాడు, ఇది చెప్పడమే అయింది.

సోమవారం సాయంత్రం రూములో ఉల్లిగడ్డలు తరుగుతూ ఓబదయ్య అడిగాడు. "భూమేషూ, కాయితాలన్నీ వచ్చాయి. నీదొక్కటే ఖాళీ. ఏం రాయమంటావు?"

ఓబదయ్యది కాకినాడ దగ్గర. కంపెనీలో టైమ్‌కీపరు. కాగితాలు పోగుచేసే పని అతని మీదే పడింది.

"అడగాలె అన్నా. కాల్ కలుస్తలేదు."

"కలవదు. మూసేశారుగా."

"ఎందుకు మూసిండ్రో చెప్పన్నా. సదువుకున్నోనివి."

"ఫోను కంపెనీవాడి వైపు నుంచి కూడా చూడాలయ్యా. ఎడారిలో తీగలేసింది వాడు, టవర్లు కట్టింది వాడు. అందరూ నెట్లో ఊరికే మాట్లాడేసుకుంటే వాడి నిమిషాలు ఎవడు కొంటాడు?"

"ఊరికెక్కడిదే? నెట్‌కు పైసలు కట్టిన గదా."

"నెట్‌కి కట్టావు. కాల్‌కి కట్టలేదు."

భూమేష్ మంచం మీంచి లేచాడు. "అన్నా, ఇంటికి కరెంటిచ్చెటోడు మీటరు సూస్కొని పైసలు తీస్కుంటడు. నీ ఇంట్ల ఫ్యాను తిప్పుకో గని మిక్సీ తిప్పకు, పచ్చడి నేనే అమ్ముతున్న, నా కాడ్నే కొనుక్కో అంటడా?"

పై మంచం మీద ఎవరో పకపకా నవ్వారు. ఓబదయ్యకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు.

"అయితే సర్కారు కల్పించుకుని కంపెనీని అదిలించాలంటావు. వందకి ఇంతమంది సౌదీలుండాలన్నది ఎవరు? మనిషికింత లెవీ అన్నది ఎవరు? అదే సర్కారు కదా! నిన్ను రోడ్డున పడేసినోణ్ణే పిలిచి, బాబ్బాబూ నా నెట్ కూడా నువ్వే చూడు అంటావా?"

"గదే సమజైతలేదు. మనల్ని లెక్కవెట్టనీకి దినానికో రూలొస్తది. తీగల ఏం పోతున్నదో నువ్వు తొంగి సూడకు, అన్నిటినీ ఒక్కతీర్గ పోనియ్యి అని ఒక్క ముక్క రాయనీకి ఎన్నేండ్లు పడ్తది?"

"మూసింది కూడా సర్కారేనంటున్నారు మరి."

"ఒకలు సర్కారంటరు, ఒకలు కంపెనీ అంటరు. కంపెనీనడిగితే పైకి వేలు సూపెడ్తడు. పైకి సూస్తే ఏసీ కారుతున్నది!"

మంగళవారం ఎవరో కొత్త దొంగదారి యాప్ ఇచ్చారు. కాల్ కలిసింది కూడా. తెరమీద శ్రీలత కనిపించింది, చేతులెత్తింది. అక్కడే బొమ్మ ఆగిపోయింది. మాటైతే తెగినా ముక్కలు ఏరుకుని అర్థం చేసుకోవచ్చు. చెయ్యి గాల్లో నిలిచిపోతే అది పైకి పోతుందో కిందికి వస్తుందో ఎలా తెలుస్తుంది? ఐదు నిమిషాలు ఆ నిలిచిపోయిన చేతినే చూశాడు. తర్వాత తెర నల్లగా అయిపోయింది.

బుధవారం సాయంత్రం మెస్సులో అన్నం దగ్గర కబురు గుప్పుమంది. ఇవాళ రాత్రి నుంచి కాల్స్ తెరుస్తున్నారట. వార్తల్లో వచ్చిందట. కొన్ని యాప్‌లకేనట, రూలుకు కట్టుబడినవాటికే తెరుస్తారట. ఎవడి నోట విన్నా 'అట'. భూమేష్ తినేది వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లవారి నాలుగున్నరకు లేచి చూస్తే తనకంటే ముందు క్యాంపంతా లేచి ఉంది. మెట్ల మీద, నీళ్ళ ట్యాంకు దగ్గర, బాత్రూముల వరసలో, ఎటు చూసినా ఫోను ముందు ఒక ముఖం. నూటయాభై మంది ఒకేసారి ఇంటికి ఫోను చేస్తున్నారు. క్యాంపుకు ఉన్నది ఒక్క టవరు. తెరమీద చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. మూసినప్పుడు మూసినందుకు కలవలేదు, తెరిచాక తెరిచినందుకు కలవడం లేదు. భూమేష్‌కు తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు.

ఆరింటికి బస్సు వచ్చింది. ఎక్కబోతుంటే ఆఫీసు గది లోంచి ఓబదయ్య కేకేశాడు. "భూమేషూ! నువ్వాగు. ఇక్కడ ఏసీ చల్లగా రావట్లేదు. చూసి పో."

బస్సు వెళ్ళిపోయింది. భూమేష్ ఆఫీసులోకి వెళ్ళి చూశాడు. ఏసీ వణుకు పుట్టేంత చల్లగా ఉంది.

"మంచిగనే ఉన్నది గదన్నా."

"ఉంటే ఉండనీ. అందరూ పనికి పోయారు. టవరు నీదే. చెయ్యి" అంటూ ఓబదయ్య తన కుర్చీ జరిపి ఇచ్చాడు. ఫోను నిలబెట్టడానికి ఒక ఫైలు ఆనించాడు. కాగితం మాత్రం బల్ల మీదే ఉంచాడు.

ఒక్క రింగుకే కలిసింది. దేవవ్వ ముఖం, తర్వాత గోడ, తర్వాత శ్రీలత. బొమ్మ ఎంత తేటగా ఉందంటే ఆమె ముక్కుపుడక మెరవడం కూడా కనబడింది. భూమేష్ చేతులెత్తాడు. శ్రీలత కళ్ళు మూసుకుంది.

దేవవ్వ ఆమె భుజం పట్టి ఊపబోయింది. "అక్కా, ముట్టకు! ఉండనియ్" అని అరిచాడు భూమేష్. చేతులు దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఓబదయ్య గడియారం చూడబోయి మానుకున్నాడు. ఒక నిమిషం పోయింది. ఇంకో నిమిషం. శ్రీలత ఒక కన్ను తెరిచింది. అతను ఇంకా అక్కడే ఉన్నాడు, చేతులు కదపకుండా. రెండో కన్ను కూడా తెరిచింది.

చిక్కిపోయావంది. లేదన్నాడు. నీ వెనక ఉన్నదేంటంది. ఫోను తిప్పి గదంతా చూపించాడు. ఓబదయ్య నమస్కారం పెట్టాడు.

అప్పుడు అడిగాడు. బొటనవేలు అరచేతిలో నొక్కాడు. వేళ్ళు రెండుసార్లు కిందికి రాల్చాడు. మధ్యలో రావడం లేదన్నాడు. ఉండాలా, రావాలా?

శ్రీలత ఎదురు అడిగింది. తన కళ్ళను చూపించింది, ఫోనును చూపించింది, అతని కళ్ళను చూపించింది. అరచెయ్యి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి తిప్పింది. ఇలా, రోజూ? తర్వాత వేళ్ళు రెండుసార్లు రాల్చింది. రెండు వానలూ?

భూమేష్ తల తిప్పాడు. "అన్నా, ఇది గిట్లనే ఉంటదా? మల్ల మూస్తరా?"

"నిన్న తెరిచారు. రేపటి సంగతి నన్నడిగితే ఎలాగయ్యా?"

"ఉంటదని చెప్పన్నా."

"నేనెవణ్ణి చెప్పడానికి? సర్కారునా, కంపెనీనా?"

ఉంటుంది అనేస్తే సరిపోతుంది. గొంతుతో మాట్లాడేవాడైతే ఎటో చూస్తూ అనేయవచ్చు. భూమేష్ చెయ్యి భుజం దాకా లేచింది. శ్రీలత ఆ చేతిని చూడడం లేదు, అతని ముఖం చూస్తోంది. చెయ్యి అక్కడే ఆగింది. బొమ్మ ఆగిపోయి కాదు, తనే ఆపుకున్నాడు. రెండు అరచేతులూ విప్పి చూపించాడు. తెలియదు.

శ్రీలత తను కూర్చున్న మంచం మీద పక్కనున్న ఖాళీ చోటును అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"ఏమంటున్నదిరా? ఉండుమన్నదా?" వెనక నుంచి దేవవ్వ.

"రమ్మన్నదక్కా."

"దానికేం తెల్సు!"

"దానికే తెల్సు."

ఓబదయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఓరి నీ దుంపతెగ! ఇన్నేళ్ళు మూసుంచితే ఉన్నావు. తెరిచిన రోజే పోతానంటావేంటయ్యా?"

"అడిగినోల్లకు జవాబు జెప్పెటోడు లేడన్నా ఈడ. నేను మాత్రం ఎన్నాళ్ళు పైకి సూడాలె?" అన్నాడు భూమేష్.

ఓబదయ్య కాగితం ముందుకు జరిపి, ఎగ్జిట్ అని రాసి ఉన్నచోట వేలు పెట్టి, తన జేబులోని కలం తీసి మూత విప్పి ఇచ్చాడు.

భూమేష్ కలం అందుకున్నాడు. ఫోనును ఫైలు మీంచి తీసి, కాగితం కనిపించేలా వంచి పట్టుకోమని ఓబదయ్యకు ఇచ్చాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు నెమ్మదిగా సంతకం పెట్టాడు. పెట్టి తలెత్తి చూశాడు.

శ్రీలత రెప్ప కూడా వేయకుండా చూస్తోంది.