కర్రతొట్టిలో ముసలమ్మ

మా బేకరీలో ముసలమ్మ అంటే మా అత్తగారు కాదు, జాడీలో ఉండే పాత పిండి. రోజూ పొద్దున్నే అందులోంచి ఒక ముద్ద తీసి, పిండి పిసికే కర్రతొట్టిలో కొత్త పిండితో కలిపితే అదంతా పులిసి పొంగుతుంది. రొట్టెలు కాల్చే ముందు మళ్లీ ఒక ముద్ద జాడీలోకి వెళ్తుంది. మా అత్తగారికి వాళ్ల అత్తగారు అప్పగించిన ఆస్తి అదొక్కటే. మా ఆయన చిన్నప్పుడు ఎప్పుడైనా ఆకలికి ఏడ్చి ఉంటారేమో గానీ, ముసలమ్మ మాత్రం ఏనాడూ పస్తులుండలేదు.

పాత దుకాణం ఉన్న భవనాన్ని కూల్చేస్తామన్నారు. వేరే వీధిలో కొత్తది తీసుకున్నాం. సామాన్లు చేరవేసేటప్పుడు అత్తగారు జాడీకి మూత బిగించి వ్యాన్‌లో తన కాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. అరలు సర్దే హడావుడిలో దాన్ని దింపడం మరిచిపోయారు. గుర్తొచ్చేసరికి ఎండకి వ్యాన్ పొయ్యిలా కాలిపోతోంది. మూత తీస్తే పిండి మీద నల్లటి నీళ్లు, ముక్కు మూసుకోవాల్సిన వాసన.

"పోయింది. నా చేతులతో నేనే చంపుకున్నాను," అన్నారు అత్తగారు.

"ఉండండి అత్తయ్యా, ఏడుపు తర్వాత. ముందు చూద్దాం," అన్నాను.

ప్రతిదానికీ పరీక్ష పెట్టే బుద్ధి నాది. ప్రాణమున్నది తింటుంది, ఊపిరి తీస్తుంది, పెరుగుతుంది, తనలాంటివాటిని పుట్టిస్తుంది అని బళ్లో మా సైన్సు టీచరు బల్ల గుద్ది మరీ చెప్పించేది. పిండీ గోరువెచ్చని నీళ్లూ పెట్టి చూశాం. మర్నాటికి కూడా ఒక్క బుడగ రాలేదు. చిటికెడు తీసి గ్లాసు నీళ్లలో వేశాను. ఊపిరున్న పిండైతే తేలాలి. ఇది తిన్నగా అడుక్కి పోయి కూర్చుంది.

మా ఆయన ఈస్టు పొట్లాం తెచ్చారు. "అందరూ దీంతోనే చేస్తున్నారు కదమ్మా. రొట్టె రొట్టే."

"చేసుకోండి నాయనా. ఇంక నాకిక్కడ పనేముంది?" అన్నారావిడ.

ఆ రోజునుంచి దుకాణంలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుండిపోయారు. కంచం ముందు పెడితే కెలికి లేచిపోయేవారు.

"కోపముంటే నా మీద చూపించండి, తిండి మీద కాదు," అని కసిరాను.

"కోపం కాదమ్మాయ్. నోటికి సహించట్లేదు."

కసిరానే గానీ నాకు భయమేసింది. తినరు, మాట్లాడరు, కదలరు. టీచరు చెప్పించిన లక్షణాలన్నీ నాకు కంఠతా వచ్చు మరి.

ఒక మధ్యాహ్నం కొత్త స్టీలు బల్ల తుడుస్తున్నాను. అంటుకున్న పిండి తడిబట్టతో ఒక్క తుడుపుకే పోయింది. పాత కర్రతొట్టి అలా కాదు, ఎంత తోమినా పగుళ్లలో పిండి వదిలేది కాదు. ఆ విసుగుతోనే దాన్ని పాత దుకాణంలో వదిలేయించాను. నా చేతిలో బట్ట ఆగిపోయింది. పాఠంలో రెండో సగం ఒకటుంది కదా: ప్రతి ప్రాణికీ ఒక ఆవాసం. చేపకి నీళ్లు, వానపాముకి మట్టి. ముసలమ్మ ఇల్లు జాడీ అనుకున్నాం అందరం. జాడీలో అది పడుకునేది, అంతే. పిసికించుకుని, తిని, పొంగి, పిల్లల్ని పెట్టిందంతా ఆ తొట్టిలోనే.

పరుగున వెళ్లాను. అప్పటికే ముందు గోడ పడగొట్టేశారు. ఇటుకముక్కల కింద తొట్టి ఓ మూల కనిపించింది.

"పొయ్యిలోకి కూడా పనికిరాదు, దానికోసం దుమ్ములోకి దిగారేంటమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"మా ముసలమ్మ ఇందులో ఉందయ్యా."

పాపం, మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేశాడు.

కొత్త దుకాణానికి తెచ్చి, పగుళ్లలోంచి కత్తిమొనతో గోరంత గోరంత ఎండుపిండి పొలుసులు గీకాను. అత్తగారు కుర్చీలోంచే చూశారు.

"ఎండిపోయింది కదే. ఇంకేం ప్రాణం?"

"విత్తనం ఎండి ఉండదా అత్తయ్యా? అది చచ్చినట్టా? మీరు రండి. నా చేతికిది లొంగదు."

సణుగుతూనే లేచారు. పొలుసుల్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కడిగిన జాడీలో వేసి పిండి కలిపారు. రెండు మూడు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. అయినా పొద్దునా సాయంత్రం వచ్చి పిడికెడు పిండి పెట్టి వెళ్లేవారు. తాను మాత్రం రెండు ముద్దలకి మించి తినేవారు కాదు. నేను పైకి ధైర్యం చెబుతూ లోపల దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

ఒక పొద్దున జాడీ అంచు పక్కన ఆవగింజంత బుడగ కనిపించింది. ఆ మర్నాటికి పిండి మూతని తన్నేసింది.

గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాను. అత్తగారు చిటికెడు పిండి తీసి వేశారు. పిండి కాస్త మునిగి, మెల్లగా పైకొచ్చి తేలింది.

అత్తగారు కళ్లు తుడుచుకుని, జాడీలో పిడికెడు పిండి వేసి కలిపారు. తర్వాత చేతులు కడుక్కొచ్చి, తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"అమ్మాయ్," అన్నారు, "నాక్కూడా ఏమైనా పెట్టు. ఆకలేస్తోంది."