ఎవరు, ఎవరిని, ఏం చేశారు

"అక్క డబ్బా కట్టేసింది, తీసుకో," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా. పద్నాలుగేళ్లుగా నా రోజు ఆ అన్నం డబ్బాతోనే మొదలవుతోంది. కట్టేది మా వదిన, ఆయన అక్క. పెళ్లి పెటాకులై పుట్టింటికి చేరిన మనిషి, మా పాప పుట్టినప్పుడు "రెండు నెలలు సాయంగా ఉంటాను" అని వచ్చింది. ఆ రెండు నెలలు ఇంకా అవలేదు. పసిబిడ్డని వదిలి నేను ఉద్యోగంలో చేరగలిగానంటే ఆవిడ చలవే. ఈ మాట అందరితోనూ అన్నాను, ఆవిడతో తప్ప.

నా ఉద్యోగం ఏమిటో చెబితే చుట్టాలు నవ్వుతారు. పరిశోధనశాలలో జెర్బిళ్లని చూస్తూ కూర్చోవడం. చూడ్డానికి ఎలుకల్లా ఉండి, తోక చివర కుచ్చున్న ఎడారి జంతువులు. గాజు పెట్టెకి ఐదారు చొప్పున కుటుంబాలుగా ఉంటాయి. నా చేతిలో ఒక పట్టిక, అందులో మూడు గడులు: ఎవరు, ఎవరిని, ఏం చేశారు. ఒకదాన్నొకటి నాకడం, తరమడం, కొరకడం, కుప్పగా పడి నిద్రపోవడం, ప్రమాదం పసిగట్టి వెనక కాళ్లతో నేలని దబదబా కొట్టడం, అన్నిటికీ గుర్తుగా ఒక్కో అంకె ఉంది. చేరిన కొత్తలో ఒకసారి "దిగులుగా కూర్చుంది" అని రాశాను. మా పెద్దసారు అది అందరి ముందూ చదివి, "మేడమ్‌గారికి తన కష్టసుఖాలు చెప్పుకుందట" అన్నారు. అంతా గొల్లుమని నవ్వారు. అప్పటినుంచి కంటికి కనిపించిందే రాస్తున్నాను, మనసు సంగతి రాయను. ఇంట్లోనూ అదే అలవాటయింది.

ఆ పెట్టెల్లో అప్పుడప్పుడూ ఒక ఘోరం జరుగుతుంది. హాయిగా ఉన్న కుటుంబం ఉన్నట్టుండి ఒకదాన్ని పరాయిదాన్ని చేసేస్తుంది. ఎక్కువగా ఆడవాటి మధ్యే. మొదట దాన్ని పక్కలోకి రానివ్వవు. తర్వాత తిండి దగ్గర్నుంచి తరుముతాయి. తోక మొదట్లో గాట్లు కనబడగానే మేం దాన్ని తీసి వేరే పెట్టెలో పెడతాం. తీసి రెండ్రోజులు గడిచాయా, ఇక కలపడం కష్టం. వాసన మారిపోతుంది, కన్నతల్లి కూడా ఎవరో అనుకుని మీద పడుతుంది. కొరికినదాన్నే ఎందుకు తీయకూడదని ఒకసారి అడిగాను. "కొరికేది ఒకటే అయితే తీయొచ్చమ్మా. మిగతావన్నీ చూస్తూ ఊరుకుంటాయి. ఎన్నిటిని తీస్తావ్?" అన్నారు పెద్దసారు. చూస్తూ ఊరుకోవడానికి మా పట్టికలో అంకె లేదు.

ఈమధ్య పాప తనకి సొంత గది కావాలంది. మా ఆయన వెళ్లి వదిన కోసం ఒక మహిళా హాస్టలు చూసొచ్చారు. "అక్కకీ స్వేచ్ఛగా ఉంటుంది. ఇక్కడ చాకిరీ తప్ప ఏముంది పాపం!" అన్నారు, ఆ చాకిరీ అంతా ఎవరో పొరుగువాళ్లకి చేసినట్టు. వదిన గరిటె పట్టుకుని వంటింటి ముందు నిలబడి ఉంది. ఆయన వైపు కాదు, నా వైపు చూసింది. నేను డబ్బా మూత సరిచేసుకుంటూ ఉండిపోయాను.

ఆ రోజంతా పెట్టె ముందు కూర్చున్నా పెన్ను సాగలేదు. ఖాళీ పట్టిక ఒకటి ఇంటికి తెచ్చుకుని, ఆదివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మా ఇంటినే రాశాను. ముగ్గురం సోఫాలో ఒకరి మీద ఒకరు పడి సినిమా చూశాం. వదిన మేమంతా తిన్నాక వంటింటి గట్టు దగ్గర నిలబడే తినేసింది. ఆయన ఆవిణ్ణి రెండుసార్లు విసుక్కున్నారు, పాప ఒకసారి. వాళ్లిద్దర్నీ మనసులో తిట్టుకుంటూ పట్టికలో నా వరస చూసుకున్నాను. నేను వదినని పదకొండు సార్లు పలకరించాను. పదిసార్లు ఏదో తెమ్మనో, ఏదో అయిందా అనో. ఇంకోసారి, కాస్త పక్కకి జరగమని. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ ఇంట్లో నలిగిపోతున్నదాన్ని నేనేనని ఇన్నాళ్లూ ఎంత జాలిపడ్డాను నా మీద నేను! నేను నలగాల్సిన చోట ఆవిడ నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గదిలోకి వెళ్లాను. దుప్పటి మడతపెడుతోంది. మంచం మీద పెట్టె తెరిచి ఉంది.

"వెళ్లొద్దు వదినా. ఆయనతో నేను మాట్లాడతాను. పాపకి మా గది ఇచ్చేసి మేం హాల్లో పడుకుంటాం. మీరు మాత్రం ఉండిపోండి."

వదిన చేతులు ఆగిపోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ మాట ఆ రోజే అంటావేమో అనుకున్నాను," అంది.

"తప్పయింది వదినా."

"సరే, ఉంటాను. ఉంటే రేపు పొద్దున వంట ఎవరు చేస్తారు?"

నేను చేస్తాను అనాలి. మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో నేను రోజూ ఎక్కే ఏడింటి బస్సు గుర్తొచ్చింది. రెప్పపాటు సేపే ఆగాను. ఆవిడకి ఆ మాత్రం చాలు. పద్నాలుగేళ్లుగా ఈ ఇంట్లో అందర్నీ కనిపెట్టి చూస్తున్నది ఆవిడే.

వదిన కోపగించుకోలేదు. దుప్పటి పెట్టెలో సర్ది, మూత వేసి, నా చెంప మీద ఒకసారి చెయ్యి పెట్టింది.

"ఆ హాస్టల్లో మనం కూర్చుంటే ఎవరో వచ్చి వడ్డిస్తారట అమ్మాయ్," అంది. "ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తాను."