తీగ కట్టిన గార్డు

మొదటి గుద్దు బావ మూతి మీద పడింది. రెండోది పడేసరికి ముందు పన్ను ఊడి రేకు ముక్కల్లో కలిసిపోయింది. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుండే బావమరిది అక్క మొగుడి మీదే చెయ్యి చేసుకుంటాడని ఎవరూ కలలో కూడా అనుకోరు.

కారణం బావ చేతిలోని ఫోను. రేకు బిళ్ళలు కొట్టే వాళ్ళ పాత ప్రెస్సుకి క్లచ్ అరిగిపోయింది. పెడల్ తొక్కకపోయినా ఒక్కోసారి దబ్బున దిగుతోంది. ఎవరి చెయ్యో పోయేలోపు బాగుచేయించాలని ఇద్దరూ నోరు కట్టుకుని కూడబెట్టిన డబ్బును బావ ఆ ఫోనులోనే డాలరు, యెన్ బేరంలో పెట్టి ఊడ్చిపెట్టేశాడు.

"నేర్చుకునే దిగాన్రా!" నెత్తురు ఉమ్ముతూ అన్నాడు బావ. "పోతే ఒకటి పోవాలి, వస్తే రెండు రావాలి. ధర ఇంతకి పడితే బేరం దానంతటదే ఆగిపోయేలా స్టాప్ కూడా పెట్టాను."

"మరి ఆగలేదేం?"

"రెండుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ధర మళ్ళీ లేచింది. ఒళ్ళు మండి మూడోసారి తీసేశాను. చేతిలో ఉన్నదానికి యాభై రెట్ల బేరం కదా, చూస్తుండగానే తుడిచిపెట్టుకుపోయింది."

"ఆపేదాన్ని తీసేస్తావా? బుద్ధుందా నీకు?" బావమరిది డొక్కలో తన్నాడు.

బావ ముడుచుకుపోయి, ప్రెస్సు వైపు వేలు చూపించాడు. "దాని గార్డుకి తీగ కట్టిందెవర్రా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. జాలీ గార్డు కిందికి దిగితేగానీ ప్రెస్సు కదలకూడదు. బిళ్ళబిళ్ళకీ అది దిగి లేచేసరికి సగం పని పోతోందని, గార్డు పైకెత్తి, స్విచ్ నొక్కిపెట్టి ఇనపతీగతో బిగించింది బావమరిదే. తప్పు తనదీ ఉందని తెలిస్తే మనిషి మెత్తబడాలి కదా. అబ్బే, ఇంకా రెచ్చిపోయాడు. ఇనపకడ్డీ అందుకుని బావ తల మీదికి విసురుగా దించాడు.

బావ పక్కకి దొర్లాడు. దెబ్బ తప్పింది. కొట్టినవాడు నూనె మరక మీద జారి, ఎడమచెయ్యి చాచి ప్రెస్సు మీదికి తూలాడు. అరచెయ్యి సరిగ్గా బిళ్ళ తెగే డై మీద పడింది. గొడవలో మోటారు ఆపాలని ఇద్దరికీ తోచలేదు, చక్రం తిరుగుతూనే ఉంది. క్లచ్ టక్కుమంది. ఆ చప్పుడంటే ఇద్దరికీ హడలు. బావ ఒక్క ఉదుటున లేచి ఆ చేతిని అవతలికి తోశాడు. ప్రెస్సు దిగింది.

కేక బావది.

బావమరిది మోటారు ఆపి, చొక్కా చింపి, మూడు వేళ్ళు తెగిపోయిన బావ చేతికి కట్టు కట్టాడు. ముడి పడకపోతే పళ్ళతో లాగాడు. తను చంపబోయిన మనిషి కాళ్ళ దగ్గరే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఊరుకోరా," అన్నాడు బావ గోడకి ఆనుకుని, పన్ను లేని నోటితో నవ్వబోతూ. "నీకు మణికట్టు దాకా పోయేది. మూడు వేళ్ళతో ఆపాను. ఈసారి స్టాప్ తియ్యలేదు, చూశావా?"

క్యారేజీ పట్టుకొచ్చిన అక్క గుమ్మంలోనే కేక పెట్టింది. పరుగున వచ్చి మొగుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు చూసింది అతని మొహం.

"చెయ్యి మిషను కోసింది. మరి మూతి ఎవరు పగలగొట్టారు?"

"జారి పడ్డానే..." అన్నాడు బావ.

"నేనే అక్కా," అన్నాడు తమ్ముడు. "ఆ తీగ కట్టిందీ నేనే."