గాజుల మీద అక్షరాలు

పాట ఎంత బాగున్నా జనం ముందు చూస్తారు, తర్వాతే వింటారు. ఇది నా మాట కాదు, ఖమ్మంలో యూట్యూబ్ ఛానల్ నడిపే కోటేష్ మాట. పాట నొక్కక ముందు ఫోన్‌లో చిన్న బొమ్మ కనిపిస్తుంది కదా, దాన్ని థంబ్‌నెయిల్ అంటారు. అంత చిన్న బొమ్మలో పిల్ల మొహం గుమ్మడికాయంత ఉండాలి. కళ్ళు విప్పార్చి ఉండాలి. పసుపుపచ్చ అక్షరాలు కొట్టొచ్చినట్టు కనపడాలి. జారిపోయే వేలు అక్కడ ఆగితేనే పాట బతికినట్టు. ఇల్లందులో బాబూరావు గారి ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌ని కాబట్టి ఈ విద్యలన్నీ నాకూ వచ్చు. లీడర్ల బట్టతలల మీద జుట్టు మొలిపించాను, నల్లటి పెళ్లికొడుకులను తెల్లగా తోమాను. నా పేరు ఉషారాణి. ఉషారాణికి ముక్కు మీదే కోపం అని బాబూరావు గారు వచ్చిన ప్రతివాడికీ ముందే చెప్పి కూర్చోబెడతారు. అదీ మంచిదే, బేరమాడేవాళ్ళు తగ్గుతారు.

మా అమ్మ పేరు ద్వాలి, పాటలు పాడుతుంది. మాది ఇల్లందుకు దగ్గర్లో ఒక తండా. మా లంబాడీల్లో పెళ్లికూతురు అత్తవారింటికి పోయేటప్పుడు ఊరికే ఏడవదు, పాడుతూ ఏడుస్తుంది. తల్లిని పట్టుకుని ఒక పాట, తండ్రిని పట్టుకుని ఒక పాట. దాన్ని ఢావ్లో అంటాం. అది పుట్టుకతో రాదు, పెళ్లికి ముందు పెద్దవాళ్ళు కూర్చోబెట్టి నేర్పాలి. చుట్టుపక్కల తండాల్లో ఆ పని మా అమ్మదే. ఇప్పటి పెళ్లికూతుళ్ళకు మేకప్ చెరుగుతుందని భయం, డీజే ఉంటే చాలు. అమ్మను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అలాంటప్పుడు కోటేష్ వచ్చి ఆమె గొంతు రికార్డు చేసుకుని పోయాడు. వాడూ మావాడే, మా మేనత్త వైపు చుట్టం.

పాట ఛానల్‌లో పెట్టిన రోజు మా ఇంటి ముందు పండగలా ఉంది. నాన్న భీమ్లా మంచంలో దిండుకు ఆనుకుని కూర్చుని ఫోన్ అందుకున్నాడు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి, అప్పటికే ఊపిరి సరిగ్గా ఆడని జబ్బు. ఫోన్‌ను దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు.

"ఇదెవతి?" అన్నాడు.

హైదరాబాదు నుంచి తెచ్చిన మోడల్ పిల్ల. మా లంగా, మా రవిక, మా అద్దాల ఓణీ, మా గాజులు, అన్నీ మావే. మొహం మాత్రం ఆ పిల్లది. కింద పెద్ద అక్షరాలతో పాట పేరు, ఆ కింద కోటేష్ పేరు. అమ్మ పేరు వెతుక్కుంటే దొరికేంత చిన్నగా ఉంది. పాట మాత్రం ఎగబడి విన్నారు. దుమ్ముగూడెం నుంచి వచ్చిన చుట్టాలు కూడా "ఆ పిల్ల భలే పాడింది" అని మా అమ్మతోనే అన్నారు. ఆ మహాతల్లి నవ్వి ఊరుకుంది. నాకు ఒళ్ళు మండింది.

నాన్న మాత్రం ఊరుకోలేదు. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా లంబాడీ భాష, దాన్ని ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. యాడీ అంటే అమ్మ, బా అంటే నాన్న, ఆ రెండు మాటలు మాత్రం అలాగే ఉంచాను. పొద్దున నేను డ్యూటీకి బయలుదేరితే చాలు, మొదలుపెట్టేవాడు.

"ఊళ్ళో అందరి మొఖాలు పెద్దగ చేస్తవ్. మీ యాడీ మొఖం ఒక్కటి పెట్టరాదా?"

"నా చేతుల ఏముంది బా? కోటేష్ ఇష్టం."

"ఇల్లందు బస్టాండుల ద్వాలి బొమ్మ పడాలె. నేను చూడాలె. అంతే."

అదొక్కటే పట్టుకున్నాడు. మందులు వేసుకోమంటే అదే మాట, అన్నం తినమంటే అదే మాట. ఆయనకు ఇంకేం కోరికలు లేవు పాపం. నేను కోటేష్‌కు ఫోన్ చేసి వాడి చెవులు చిల్లులు పడేలా తిట్టాను. వాడు నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఎత్తాక, ఢావ్లో పాటలన్నీ కలిపి ఆల్బమ్ చేస్తున్నానని, దాని పోస్టర్ మీద మా అమ్మే ఉంటుందని, ఇల్లందు బస్టాండులో ఫ్లెక్సీ కట్టిస్తానని, డిజైన్ నన్నే చెయ్యమని అన్నాడు. "ఫుల్ ట్రెడిషనల్ లుక్ గావాలె అక్కా. ఘుగ్రీలు, గాజులు అన్నీ పడాలె" అన్నాడు.

వాడు లుక్ అన్నది మాకు లుక్ కాదు. చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి ఘుగ్రీలు, మోచేతి పైన వరసగా ఎక్కే తెల్లగాజులు మొగుడున్న ఆడదానికే ఉంటాయి. మిగతావాళ్ళకు తాళి ఎలాగో మాకు అవి అలాగ. అమ్మ పెళ్లినాడు తొడిగినవి మళ్ళీ తీసింది లేదు. ఒకసారి రెండు పగిలితే నాన్న భద్రాచలం తిరునాళ్ళ నుంచి జత తెచ్చి తనే ఎక్కించాడట. నూనె రాసినా ఎక్కక ఇద్దరూ పోట్లాడుకున్నారని అమ్మ చెప్పి చెప్పి నవ్వేది.

ఫొటోలు ఇంటి ముందే తీశాను. నాన్న మంచాన్ని బయటికి లాగి వేపచెట్టు నీడలో వేశాం. అమ్మను కెమెరా వైపు చూడమంటే చూడదు. నాన్న మంచం వైపే చూస్తుంది.

"ఇటు చూడు యాడీ."

"మీ బా నవ్వుతుండు. నాకు సిగ్గయితంది."

"నేను నవ్వుతలేను, దగ్గొస్తుంది" అన్నాడు నాన్న. నిజానికి నవ్వుతున్నాడు. దగ్గు కూడా వచ్చింది. కెమెరా వైపు చూసిన ఫొటోల్లో అమ్మ మొహం ఆధార్ కార్డు మొహంలా ఉంది. పక్కకు చూసిన ఒక్క ఫొటోలో మాత్రం నేను ఎప్పుడూ చూడని అమ్మ ఉంది. అదే తీసుకున్నాను.

పోస్టర్ సగంలో ఉండగానే నాన్నను ఖమ్మం దవాఖానాలో చేర్చాం. మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో చూపించాను. ముక్కుకు గొట్టం పెట్టుకునే చాలాసేపు చూశాడు. నా వేలు పట్టుకుని తెర మీద ఒక చోట పెట్టాడు.

"గాజుల మీద అక్షరాలు పడ్డయ్. పక్కకు జరుపు."

"అక్షరాలు అక్కడుంటేనే బాగుంటది బా. బ్యాలెన్స్ ఉంటది."

"జరుపు బిడ్డా. అవి కనపడాలె."

అదే ఊళ్ళో ఉన్న కోటేష్ దగ్గరికి పోయి వాడి కంప్యూటర్‌లో జరిపి తెచ్చి చూపించాను. సరే అన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఫ్లెక్సీ ప్రింటుకు పోకముందే నాన్న పోయాడు.

తండాకు తెచ్చాం, కార్యం చేశాం. అమ్మ గాజులు, ఘుగ్రీలు తీసేటప్పుడు నన్ను దగ్గరికి రానివ్వలేదు. పెళ్లికాని పిల్లవు, చూడొద్దని మా పెద్దమ్మ నన్ను ఇంటి వెనక్కి పంపించింది. గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. గాజుల చప్పుడు వినపడింది. అమ్మ గొంతు వినపడలేదు. తండాలో అందరికీ ఏడుపు నేర్పిన మనిషి, తన వంతు వచ్చేసరికి నోరు మెదపలేదు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, నేను దాన్ని భరించలేను.

దినాలు అయ్యాక కోటేష్ ఫోన్ చేశాడు, రిలీజ్ డేట్ దగ్గర పడిందని. ఆ సంగతి తెలిసి మా పెద్దనాన్న దేవ్లా మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"గాజులున్న బొమ్మ బస్టాండుల పెడితే నలుగురు ఏమంటరు? భీమ్లా పోయిండు, ఇది గాజులేసుకుని నవ్వుతుంది అంటరు. మా తమ్ముడి పరువు నాకు ముఖ్యం."

ఆయన చెడ్డవాడేం కాదు, తమ్ముడి పాడె మోసి భుజం వాచిపోయిన మనిషి. నేను కోటేష్‌కు చెప్పాను.

"గాజులు లేకుంటే లుక్ ఏముంటది అక్కా? ఉత్త చెయ్యి ఎవడు చూస్తడు? మళ్ళా ఆ హైదరాబాద్ పిల్లనే పెట్టుకుందాం. ఏం బాధ లేదు."

బాధ లేదట. ఫోన్ గోడకేసి కొట్టబోయి, కిస్తీలు ఇంకా తీరలేదని గుర్తొచ్చి ఆగాను.

మర్నాడు పొద్దున అమ్మ బస్సెక్కి షాపుకు వచ్చింది. తెల్లటి పాత చీర కట్టుకుంది. ఆమెను చీరలో చూడటం నాకు ఇంకా అలవాటు కాలేదు. బాబూరావు గారు లేచి కుర్చీ వేసి, టీ చెప్పొస్తానని బయటికి పోయి మళ్ళీ లోపలికి రాలేదు. అమ్మ నా పక్కన కూర్చుని తెర మీద తన బొమ్మ చూసుకుంది.

"తియ్యి" అంది.

"ఏంది తీసేది?"

"గాజులు. ఘుగ్రీలు. నీకొస్తది గదా."

"నేను తియ్య. బా అడిగి మరీ అక్షరాలు జరిపించిండు వాటికోసం."

"మీ బా అడిగింది నా మొఖం బస్టాండుల పడాలని. గాజులుంటే మీ పెద్దనాయిన పెట్టనియ్యడు. తీస్తే కోటేష్ పెట్టడు. ముందు నువ్వు తియ్యి, వాని సంగతి నేను చూస్త."

నాకు ఏడుపు వచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. అయినా మౌస్ పట్టుకున్నాను. ముందు ఘుగ్రీలు చెరిపి, ఆ చోట జుట్టు అతికించాను. తర్వాత గాజుల చుట్టూ గీత గీసి, చెరిపే బటన్ నొక్కాను. ఈ కొత్త సాఫ్ట్‌వేర్లు ఉన్నాయే, చెరిపేసిన చోట ఏముండాలో వాటంతట అవే ఊహించి పెట్టేస్తాయి. గాజులు పోయాయి. వాటి చోట నున్నటి, నిగనిగలాడే చెయ్యి వచ్చింది.

అమ్మ ముందుకు వంగి చూసింది. "ఇది ఆ పిల్ల చెయ్యి. నాది కాదు."

నిజమే. కానీ ఆమె చెయ్యి నేను ఎక్కడి నుంచి తేవాలి? గాజుల కింది చెయ్యి ఏ ఫొటోలోనూ లేదు. నేను పుట్టినప్పటి నుంచి దాన్ని చూడలేదు. ఆ మాటే అమ్మతో చెప్పాను. అమ్మ లేచి తలుపు దగ్గర వెలుతురులోకి పోయి నిలబడింది. పైట పక్కకు జరిపి, రవిక చెయ్యి పైకి మడిచింది.

"తీస్కో."

మోచేతి పైన చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. అక్కడికి ఎండ తగిలి ఎన్నేళ్ళయిందో. గాజు గాజుకు ఒక గాడి, భుజం దాకా వరసగా ఉన్నాయి. ఒకచోట పాత దెబ్బ మచ్చ కూడా ఉంది. తిరునాళ్ళ గాజు ఎక్కిస్తూ నాన్న గీరినదట. మొదటి ఫొటో మసకగా వచ్చింది, మళ్ళీ తీశాను. అమ్మ కదలకుండా నిలబడే ఉంది.

ఆ చేతిని తెచ్చి పోస్టర్‌లో అతికించాను. మెల్లగా, అంచులు కలిసేలా కూర్చాను. అమ్మ పక్కన కూర్చుని నా చేతినే చూస్తూ ఉంది.

"ఆనాడు తండాల ఎవరెవరో తీసిండ్రు బేటీ. గట్టిగ గుంజిండ్రు" అంది. "నువ్వు మెల్లగ తీసినవ్."

నేను మౌస్ వదిలేసి అమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, నోట్లోనే ఏదో రాగం తీసింది. తండ్రిని పట్టుకుని పెళ్లికూతురు ఏడ్చే పాట అది. నాకు ఎవరూ నేర్పలేదు, అయినా నాకు వచ్చు.

కోటేష్‌కు పోస్టర్ పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, చేతి మీద ఆ తెల్లమచ్చలేంది? స్మూత్ చెయ్యి. లేకుంటే టైటిల్ దాని మీదికి జరుపు, కనపడవు."

అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"కోటేషా, నేను ద్వాలిని. నా చెయ్యి గట్లనే ఉంటది. నా బొమ్మ వద్దంటే నా గొంతు గూడ తీసెయ్యి. ఆ పిల్లతోనే పాడించుకో."

వాడు గొంతు తగ్గించి సరే అన్నాడు. అక్షరాలు నాన్న జరపమన్న చోటే ఉండిపోయాయి.

బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టిన రోజు అమ్మా నేనూ పోయాం. దేవ్లా పెద్దనాన్న కూడా వచ్చి ఒక మూలకు నిలబడ్డాడు. అంత పెద్ద అమ్మను చూడాలని అడిగిన ఒక్క మనిషి తప్ప ఇల్లందులో అందరూ చూస్తున్నారు. మా పక్కనే బుట్ట దించుకుని బస్సు కోసం నిలబడ్డ ముసలామె కూడా తలెత్తి చూసింది. ఫ్లెక్సీ మీది మనిషి తన పక్కనే ఉన్నట్టు ఆమె గుర్తుపట్టలేదు.

"బొమ్మ మంచిగుంది గని, గామె ఇటు చూడకుంట పక్కకు చూస్తదేంది?" అని అడిగింది అమ్మను.

అమ్మ పైట భుజం మీదికి లాక్కుంది.

"ఆడ వాళ్ళాయన మంచమేసుకుని కూసున్నడు" అంది.