వడపోత అత్త

ఆ దర్జీ దుకాణం వెనక గదిలో పొయ్యి మీద ఏది ఉడికినా చివరికి ఒక పల్చటి మల్లు గుడ్డలోంచి కారాల్సిందే. క్యారెట్ కానివ్వండి, బీన్స్ కానివ్వండి, ఉడికించి, మెదిపి, మూటగట్టి, రెండు చేతులతో మెలిపెట్టి పిండితే దిగిన నీళ్ళే దర్జీ గిన్నెలోకి వెళ్ళేవి. పిండేది దర్జీ అక్క. గుడ్డలో మిగిలిన పిప్పి పారేయడానికి మనసొప్పక ఆమే తినేసేది. ఆ ఇంట్లో మూడో మనిషి దర్జీ కూతురు. ఇదంతా చూసి మేనత్తకు వడపోత అత్త అని పేరు పెట్టింది. ఆ పేరు దుకాణానికి వచ్చేవాళ్ళ నోళ్ళలో కూడా పడిపోయింది. అత్తకు కోపం రాలేదు సరికదా, కాస్త గర్వంగానే ఉండేది.

గర్వం ఎందుకుండదు మరి. కిందటి చలికాలం తమ్ముడికి పెద్దపేగు వాచి, పుండ్లు పడి, రక్తం పోయి, మనిషి దక్కుతాడా అన్నంత పనైంది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ, "కొన్నాళ్ళు పీచు లేకుండా మెత్తగా పెట్టండి" అంది. అత్త ఆ మాటను కొంగున ముడేసుకుంది. తర్వాత పరీక్ష చేసి అదే డాక్టరమ్మ, "పుండ్లు మానిపోయాయి, ఇక కొద్దికొద్దిగా అన్నీ అలవాటు చెయ్యండి" అంటే మాత్రం ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. డాక్టర్లకేం, చెప్పి వెళ్ళిపోతారు. ఆ రక్తం చూసి బెంబేలెత్తింది తాను కదా. మానిన చోట ఒక్క తొక్క గీరుకుందంటే కథ మళ్ళీ మొదటికొస్తుందని ఆమె భయం.

తమ్ముడా, నోట్లో నాలుక లేని మనిషి. పోసింది తాగి, గిన్నె కడిగి బోర్లించి, మిషను ముందు కూర్చునేవాడు. పుండ్లయితే మానాయి గానీ ఒంట్లోకి సత్తువ రాలేదు. ఒక కోటు ఇస్త్రీ చేసేసరికి ఆయాసం వచ్చేది. "ఇంకాస్త పొయ్యనా?" అంటే, "చాలక్కా" అనేవాడు. జబ్బు పడకముందు తిండి దగ్గర కూర్చుంటే లేవమన్నా లేచే రకం కాదు. ఆ 'చాలక్కా' విన్నప్పుడల్లా అత్త గుండె కలుక్కుమనేది. అరగడం లేదు కాబోలనుకుని మర్నాడు ఇంకాస్త పల్చగా వడకట్టేది.

మేనకోడలు చేసేది పేగుల్లోని బ్యాక్టీరియా మీద పరిశోధన. ఆ పిల్ల చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఒక శనివారం అత్త చెయ్యి పట్టుకుని ల్యాబుకు లాక్కెళ్ళింది. మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి, "ఏం కనిపిస్తోంది అత్తా?" అంది.

"గులాబీ రంగు గోడ. దాన్ని ఆనుకుని నీలంగా వెడల్పాటి పట్టీ. అవతల ఎర్ర చుక్కలు."

"గోడేమో ఎలుక పేగు. నీలం పట్టీ జిగురు పొర. ఆ చుక్కలు బ్యాక్టీరియా. మధ్యలో పొర ఉంది కాబట్టి అవి గోడ జోలికి రావడం లేదు."

"కోటుకి అస్తరు వేస్తాం చూడు, అలాగన్నమాట."

అస్తర్ల సంగతి అత్తకు ఒకరు చెప్పాలా. తమ్ముడు కుట్టిన ప్రతి కోటుకీ లోపలి అస్తరు ఆమె చేతిదే.

"అస్తరే. కాకపోతే అది అరిగిపోతున్నకొద్దీ పేగు కొత్తది కుట్టుకుంటూనే ఉంటుంది. ఈ ఎలుకకి పీచున్న తిండి పెట్టాం. ఇప్పుడు దీన్ని చూడు. దీనికి పీచు తీసేసి పెట్టాం."

రెండో స్లైడులో నీలం పట్టీ దారప్పోగంత మిగిలింది. కొన్నిచోట్ల అదీ లేదు. ఎర్ర చుక్కలు వచ్చి గోడకు అతుక్కుని ఉన్నాయి.

"ఇవెక్కడి పాడు పురుగులే?"

"అవే అత్తా, ఇందాక చూసినవే. మనకి అరగని పీచే వాటికి భోజనం. తిని ఊరుకోవు, గోడకి బలమిచ్చేది కూడా కాస్త తయారుచేసి పెడతాయి. పీచు మానేశామనుకో, ఆకలికి ఆ పొరనే తినడం మొదలుపెడతాయి."

అత్త మళ్ళీ మైక్రోస్కోప్ మీదికి వంగింది. "పాపం, ఆకలేస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు" అంది. తలెత్తి, "మీ నాన్న లోపల కూడా ఇంతేనా?" అని అడిగింది.

"అది ఎలుకని చూసి చెప్పలేం. కానీ డాక్టరమ్మ నాన్న పేగు లోపల చూసే చెప్పింది కదా, మానిందని. కొద్దికొద్దిగా పెట్టమంది. నేనూ అదే అంటున్నా."

"వాణ్ణి కాపాడుతున్నాననుకున్నానే" అంది అత్త.

మేనకోడలు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. "కాపాడావు. అప్పుడు నువ్వలా చూసుకోకపోతే నాన్న ఎలా తేరుకునేవాడు? ఇప్పుడు పద్ధతి మారింది, అంతే. అయినా మనింట్లో రాజభోగాలన్నీ నీ కడుపులో వాటివే. పిప్పంతా లాగించేస్తున్నావుగా."

అత్తకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ తమ్ముడి కూడు తనే తినేసిందన్నమాట.

మర్నాడు బీన్సు ఉడికాక చెయ్యి దానంతటదే గుడ్డ మీదికి పోయింది. అత్త ఆ గుడ్డను మేనకోడలి చేతిలో పెట్టి, "నాకు కనబడకుండా దాచెయ్యి" అంది. గిన్నెలో సూపు పోసి, మెదిపిన బీన్సు ఒక్క చెంచా కలిపింది.

తమ్ముడు గిన్నెలోకి చూశాడు. "అక్కా, వడకట్టడం మర్చిపోయావు."

"మర్చిపోలేదు. అది నీకు కాదులే, నీ లోపల ఉన్నవాళ్ళకి. పాపం వాళ్ళు తిండి తిని ఎన్నాళ్ళయిందో."

తమ్ముడు కూతురి వైపు చూసి, తినడం మొదలుపెట్టాడు. అతను మింగిన ప్రతి ముద్దకీ అత్త గుటక వేసింది. ఆ రోజంతా అస్తరు కుడుతూనే అతని ముఖం కనిపెట్టుకుని ఉంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే చాలు, సూది ఆగిపోయేది. కానీ ఏమీ కాలేదు. చెంచా నెమ్మదిగా గరిటె అయింది. వారాలు గడిచేసరికి బీన్సు మెదపకుండానే గిన్నెలోకి వచ్చాయి.

ఒక మధ్యాహ్నం ముగ్గురూ తింటున్నారు. తమ్ముడు అడుగంటా ఊడ్చుకు తిని, గిన్నె అక్క ముందుకు జరిపాడు.

"ఇంకాస్త వెయ్యక్కా."

అత్త గబుక్కున లేచి మూత తీసి చూసింది. కుండ ఖాళీ. ఇంకాస్త అడుగుతాడని ఆమె ఎన్నడో ఆశ వదులుకుంది, అందుకే ముగ్గురికీ సరిగ్గా సరిపోయే కొలతకే వండుతోంది. వెనక్కి వచ్చి, తన గిన్నెలో ఉన్నదంతా తమ్ముడి గిన్నెలోకి వంచేసింది.

"మరి నీకో?" అన్నాడు తమ్ముడు.

"నా వాళ్ళు చాన్నాళ్ళు తిన్నార్లే" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు తినరా."